జీవకణము తనకు కలిగిన హానిని సరిదిద్దుకొను విధము

వంశలక్షణములను మోయు డి.ఎన్.ఏ. రెండు పోగులు పెనవేసికొనిన త్రాడు వంటిది. ఎండలోని అతినీలలోహిత కిరణములు చర్మకణములకు సోకినప్పుడు, ఒకే పోగులో ప్రక్కప్రక్కనున్న తైమిన్ భాగములు రెండు అంటుకొనిపోవును. కణములోని ప్రోటీనులు ఈ చెరుపును కనిపెట్టి, ఇరువైపుల కత్తిరించి, ఇంచుమించు 30 భాగముల తునకను తీసివైచును. రెండవ పోగు చెడక నిలిచియుండును గనుక, దానిని అనుసరించి ఖాళీని పూరించును. పోగులు రెండుండుటలోని మేలు ఇదియే.

ఈ శక్తి కొరవడి పుట్టు శిశువులు అరుదుగా కలరు. వారి వ్యాధికి జీరోడెర్మా పిగ్మెంటోసమ్ అని పేరు. కొందరికి కొద్ది ఎండకే చర్మము కమలును. పసితనముననే ముఖమున మచ్చలు దట్టముగా లేచును. కన్నులు వెలుగును ఓర్వవు. పదేండ్లు నిండకమునుపే చర్మమున కేన్సరు పుట్టవచ్చును. కణములలోని ఈ లోపమును 1968లో జేమ్స్ క్లీవర్ వెల్లడించెను. తల్లిదండ్రు లిరువురినుండియు లోపము సంక్రమించిననే వ్యాధి కలుగును. కావున మేనరికములందు దీనికి అవకాశ మెక్కువ. దృష్టిదోషమనుట వట్టి మాట.

దీనిని పూర్తిగా కుదుర్చు మందు లేదు. అట్టి బిడ్డకు పగటివేళ ఒడలంతయు వస్త్రముతో కప్పి, కన్నులకు తగిన అద్దములు పెట్టి, తరచుగా చర్మవైద్యునికి చూపవలెను. కిటికీ అద్దమును దాటి వచ్చు ఎండయు హానికరమే.