ఏ టోకెన్ ఏ పోర్టుల: అల్లునికి ఉత్తరం

అల్లుడా,

ఆడిటర్ ఆఫీసుల చేరినవని, కంపెనీకొక వర్చువల్ మెషిన్ చొప్పున ఒక్క సర్వర్ మీదనే నడిపే పని నీకు అప్పజెప్పిండ్రని అక్క ఫోన్ల చెప్పింది. మస్తు సంతోషం. గ్రానైట్ కంపెనీలు, కాంట్రాక్టర్లు ఇంతమంది ఉన్న కరీంనగర్ల జీఎస్టీ రిటర్నుకైనా, ఆన్‌లైన్ టెండరుకైనా కంపెనీ డిజిటల్ సంతకం టోకెన్ పెట్టాల్సిందే. పేచీ అంతా ఆ టోకెన్లు ఒక్క తీరుగ ఉండుడుతోనే.

మన కంటికే కాదు, సర్వర్‌కు గూడ అంతే. ఈపాస్ 2003 మోడల్ టోకెన్ ఏది గుచ్చినా లైనక్స్ 096ఈ:0807 అనే చూపెడ్తది. అది తయారుచేసినోళ్ల నంబరు, మోడల్ నంబరు. మంథని కాంట్రాక్టర్‌దా, జగిత్యాల మిల్లుదా అనేది అందుల ఉండదు. ఆ నంబరు రాసి మెషిన్‌కు ఇయ్యమంటే, ఇసొంటియి ఒకటికన్న ఎక్కువ ఉన్నయని, వర్చువల్ మెషిన్లను నడిపే లిబ్‌వర్ట్ ఎర్రర్ ఇచ్చి ఆగుతది. అది నయం. ఆగకుంట ఏదో ఒకటి తగిలించే సెట్టింగుతోనే భయం. ఒకరి పిన్ ఇంకొకరి టోకెన్‌కు మళ్లమళ్ల కొడితే అది లాక్ అయితది. టెండరు గడువు మాత్రం నీకోసం ఆగదు.

బస్ నంబరు, డివైస్ నంబరు పట్టుకుందామంటే, పీకి మళ్ల పెట్టంగనే డివైస్ నంబరు మారుతది. టోకెన్ వీపు మీద అచ్చేసిన సీరియల్ నంబరు సర్వర్‌కు కనబడుతదన్న నమ్మకం లేదు. ఇగ మిగిలింది పోర్టు. 1-1.2 అని కనబడ్డదంటే ఒకటో బస్‌ల ఒకటో పోర్టుకు హబ్బు, ఆ హబ్బుల రెండో రంధ్రం అన్నట్టు. వైరు కదిలియ్యనన్ని రోజులు అది మారది. ప్రాక్స్‌మాక్స్‌ల యూఎస్‌బీ డివైస్ కలిపేటప్పుడు పోర్టు ఎంచుకునే గడి వేరేగ ఉంటది, అదే పెట్టు. ఉత్త క్యూఈఎంయూ అయితే హోస్ట్‌బస్, హోస్ట్‌పోర్ట్ రాయి.

అన్నీ ఒక్కసారి గుచ్చకు. ఒక టోకెన్ పెట్టు, ఏ దారిల కనబడ్డదో చూడు, హబ్బు రంధ్రం పక్కన, టోకెన్ మీద ఒకటే పేరు చీటీ అతికించు, అప్పుడు రెండోది ముట్టు. హబ్బుకు సొంత కరెంటు అడాప్టర్ ఉండాలె. ఊడ్చేటప్పుడు ఎవరన్న హబ్బు వైరు తీసి పక్క రంధ్రంల పెడితే దారులన్నీ మారుతయి, ఆ వైరుకు గూడ చీటీ పెట్టు.

ఇంకోటి, దీంతోని చానామంది రోజులకు రోజులు ఆగమైతరు: విండోస్ వర్చువల్ మెషిన్‌కు రిమోట్ డెస్క్‌టాప్ మీద పోతే, దానికి తగిలించిన టోకెన్ ఆ సెషన్ల కనబడది. నీ ముందటి కంప్యూటర్‌కు ఉన్న టోకెన్లనే అది చూస్తది. ఆ మెషిన్ కన్సోల్ నుంచి పోయి చూడు, టోకెన్ అక్కడనే ఉంటది.

ఇక పిన్‌ల సంగతి. ఐటీ చట్టం 2000ల సెక్షన్ 42 ప్రకారం సంతకం ఎవరిదో, ఆ ప్రైవేట్ కీ తన చేతుల ఉంచుకునే బాధ్యత గూడ వాళ్లదే. టోకెన్లు రాత్రిపగలు సర్వర్‌కు గుచ్చి, పిన్‌లు కాయితం మీద రాసి పక్కన అతికించే ఆఫీసులు ఉన్నయి. నువ్వు ఆ పనికి ఒప్పుకోకు, పిన్ ఆ మనిషినే కొట్టమను. పని అయిపోయినంక టోకెన్ తీసి బీరువల పెట్టు. చీటీ ఉన్న రంధ్రంలనే మళ్ల గుచ్చుతవు గనక సెట్టింగ్ ఏం చెడది. అట్ల కుదరదని మీ సార్ అంటే నాకు ఫోన్ కలుపు, నేను మాట్లాడుత.

మీ మామ