బుజ్జికి, కార్బన్ కాపీ గురించి

బొమ్మనహళ్ళి



నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి, మదనపల్లె దగ్గర మన సైటు ఇప్పుడు అమ్మితే ఎంత పలుకుతుందని అడిగాడు. ఎందుకురా అంటే నీళ్ళు నమిలాడు. గట్టిగా నిలదీస్తే చెప్పాడు: బెంగళూరు విజయనగరలో నీ కోచింగ్ సెంటర్ పక్క టీ కొట్టు దగ్గర ఎవడో తగిలి, పోలీస్ సబ్ ఇన్‌స్పెక్టర్ (పీఎస్ఐ) పోస్టుకి ‘సెట్టింగ్’ చేయిస్తానన్నాడట. మీ నాన్నకి పెట్టాల్సిన గడ్డి పెట్టేశాను. నీకు మాత్రం ఫోన్‌లో చెబితే చాలదు.

2021 అక్టోబర్ 3న కర్ణాటకలో 545 పీఎస్ఐ పోస్టులకు పరీక్ష జరిగినప్పుడు నువ్వింకా కాలేజీలో ఉన్నావు. యాభై వేల మందికి పైగా రాశారు. ఫలితాలొచ్చాక కలబురగి సెంటర్లో రాసిన ఒకతని ఓఎంఆర్ జవాబు పత్రం కార్బన్ కాపీ బయటికొచ్చింది. అందులో దిద్దినవి 21 ప్రశ్నలే, వచ్చిన మార్కులేమో 121 అని ఆరోపణ. రెండో పేపర్లో ప్రశ్నకు ఒకటిన్నర మార్కు. 21 ప్రశ్నలు ఎంత గొప్పగా రాసినా ముప్పై ఒకటిన్నర దాటదు కదా! మిగిలిన గడులు ఆ తర్వాత ఎవరో తీరిగ్గా దిద్దారన్నమాట. కొందరు బ్లూటూత్‌లో జవాబులు విన్నారనీ తేలింది. పోలీసు నియామక విభాగం అధిపతిగా పనిచేసిన ఏడీజీపీ అమృత్ పాల్‌నే 2022 జులైలో సీఐడీ అరెస్టు చేసింది. నేరం తేల్చాల్సింది కోర్టు. కానీ కంచె మీదే అనుమానం వచ్చిన చోట, ఆ గుట్టు విప్పింది ఒక పల్చటి కాగితం ముక్క!

పీఎస్ఐ ఎంపికలో పరుగు, లాంగ్ జంప్, షాట్‌పుట్ గట్టెక్కితే చాలు, వాటికి మార్కులుండవు. తలరాత మారేది రాత పరీక్షలోనే. దొంగలు కూడా అక్కడే కాచుక్కూర్చున్నారు.

2022 ఏప్రిల్ 29న ప్రభుత్వం పరీక్ష మొత్తం రద్దు చేసింది. ఎంపికైనవాళ్ళ జాబితాలో రాత్రింబవళ్ళు చదివి గెలిచినవాళ్ళూ ఉన్నారు, వాళ్ళు కోర్టుకెక్కారు. 2023 నవంబర్లో హైకోర్టు రద్దును సమర్థించి, స్వతంత్ర సంస్థతో మళ్ళీ పెట్టించమంది. కర్ణాటక పరీక్షా ప్రాధికారం ఆ పరీక్షను 2024 జనవరి 23న పెట్టింది. రద్దు సరైనదే అంటాను నేను. గింజా తాలూ కలిసిపోయాక వేరే దారి లేదు. కానీ శిక్ష ఎక్కువగా పడింది తప్పు చేయనివాళ్ళకే. రెండేళ్ళ పైచిలుకు అంటే వయోపరిమితి దాటిపోవచ్చు, ఆడపిల్లకైతే ఇంట్లో సంబంధాలు చూడటం మొదలైపోతుంది. డబ్బు కట్టినవాడు తన భవిష్యత్తునే కాదు, పక్క బెంచీ పిల్ల వయసును కూడా అమ్ముకున్నాడు. మీ నాన్నకి ఈ మాటే చెప్పాను.

ఏళ్ళ తరబడి ఇన్విజిలేటర్‌గా తిరిగినదాన్ని కాబట్టి చెబుతున్నాను. తప్పు జవాబుకు కోత ఉంటుంది, తెలియనివి వదిలెయ్, గుడ్డిగా దిద్దకు. బయటికి రాగానే ఎన్ని వదిలావో డైరీలో రాసుకో. కార్బన్ కాపీని ప్లాస్టిక్ కవర్లో పెట్టు, మడతపెట్టి పర్సులో కుక్కితే అచ్చు పోతుంది. ఉద్యోగంలో చేరి ఏడాదయ్యేదాకా పారెయ్యకు. జవాబుల కీ విడుదలైన రోజే కూర్చుని లెక్కేసుకో. తేడా ఉంటే గడువులోపు రాతపూర్వకంగా అభ్యంతరం పెట్టు, వాట్సాప్ గ్రూపులో ఏడిస్తే ఎవరూ వినరు.

అడిగితే దక్కుతుందా అంటావేమో. తెలంగాణలో పోలీసు ఉద్యోగాల ఎత్తు కొలతలో సెంటీమీటరు లోపు తేడాతో పోయిన అభ్యర్థులు హైకోర్టుకు వెళ్ళబట్టే, 2023 ఫిబ్రవరిలో నియామక బోర్డు వాళ్ళను మళ్ళీ పిలిచి కొలిచింది. అందరూ గట్టెక్కుతారని కాదు. అడగనివాళ్ళను మాత్రం ఎవరూ పిలవరు.

ఇక నీ అసలు బలహీనత మొదటి పేపరు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ, కాలేజీలో ఇంగ్లీషు అయ్యాక నీ కన్నడ రాత నాకు తెలియనిదా? వ్యాసం, సంక్షిప్తం, అనువాదం కలిపి యాభై మార్కులు. రోజూ ప్రజావాణి పత్రిక సంపాదకీయాన్ని కన్నడలోనే సంక్షిప్తంగా రాసి ఫోటో పంపు. మా కింది వాటాలో రిటైరైన కన్నడ మేష్టారున్నారు, ఎర్ర పెన్నుతో దిద్దడమంటే ఆయనకు మహా సరదా.

టీ కొట్టు దగ్గర తగిలినవాడితో మాట కలపొద్దు. సైటు కాగితాలు నా బీరువాలో ఉన్నాయి, తాళం మీ నాన్నకు ఇవ్వను.

మీ అత్త