పాత కారులో నీళ్ళు ఎటు పోతున్నాయి?

మన హాస్టల్‌లో చదివి వెళ్ళినవారిలో కొందరు హిందూపురం, పెనుకొండ, ధర్మవరం రోడ్ల మీద పాత కార్లు బాడుగకు తిప్పి ఇల్లు నడుపుతున్నారు. కొందరు తమ్ముళ్ళు ఐటీఐలో చేరి మెకానిక్ పని నేర్చుకుంటున్నారు. వారికి ఉపయోగపడుతుందని ఈ వ్యాసం రాస్తున్నాను. పదో తరగతి తమ్ముళ్ళు కూడా చదవండి, ఇందులో ఉన్నదంతా మీ భౌతికశాస్త్రమే.

"రేడియేటర్‌లో రోజూ నీళ్ళు తగ్గుతున్నాయి, ఎత్తు ఎక్కేటప్పుడు పికప్ లేదు." పాత బండి నడిపేవారి నోట తరచు వినే మాట ఇది. ఇవి రెండు రోగాలా, ఒకే రోగానికి రెండు లక్షణాలా? ముందు తేల్చవలసింది అదే. హోస్ పైపు కారడం, దుమ్ముతో ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోవడం రెండూ ఒకే నెలలో రావచ్చు, ఒకదానికొకటి సంబంధం లేదు. హెడ్ గాస్కెట్ పోతే మాత్రం రెండు బాధలూ కలిసే వస్తాయి. మొదటివి చిన్న ఖర్చుతో పోతాయి. రెండోదానికి ఇంజిన్ విప్పాలి, బండి రోజుల తరబడి షెడ్డులో ఉండాలి.

ఇంజిన్‌లో మండే పెట్రోలు శక్తిలో సుమారు మూడో వంతు వేడిగా మారి ఈ నీళ్ళ ద్వారానే బయటికి పోతుంది. మామూలుగా నీళ్ళు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. రేడియేటర్ మూతలోని స్ప్రింగు లోపలి పీడనాన్ని వాతావరణ పీడనం కంటే 0.9 బార్ దాకా పెరగనిస్తే, సుమారు 118 డిగ్రీల వరకు మరగవు. ప్రెషర్ కుక్కర్‌లో జరిగేదీ ఇదే. (మన హాస్టల్ వంటగదిలో గుండిగే గానీ కుక్కర్ ఎక్కడిది!) మూతలోని రబ్బరు వాషర్ పాడైతే పీడనం నిలవదు, నీళ్ళు త్వరగా మరిగి పొంగిపోతాయి. అందుకే అన్నిటికంటే చవకైన మూతనే మొదట చూడాలి. వేడి మీద మాత్రం తీయవద్దు. పీడనం ఒక్కసారిగా తగ్గి, నీళ్ళు ఆవిరై ముఖం మీదికి చిమ్ముతాయి.

నీళ్ళు పోవడానికి దారులు మూడు: బయటికి, సిలిండర్‌లోకి, ఆయిల్‌లోకి. రాత్రి బండి కింద అట్టముక్క పరచి ఉంచితే కారిన చోటు ఉదయానికి తెలుస్తుంది. వాటర్ పంపు కింద చిన్న రంధ్రం ఉంటుంది, అక్కడ తడి కనిపిస్తే పంపు లోపలి సీలు పోయినట్టే.

మా చిన్నాయన పాత మారుతి 800లో ధర్మవరం నుంచి పట్టుచీరల మూటలు చేరవేసేవాడు. అట్ట పొడిగానే ఉండేది, నీళ్ళు మాత్రం తగ్గేవి. ఒక షెడ్డులో పంపు మార్చారు, అయినా ఆగలేదు. "ఎమ్మెస్సీ సదువుతాండావు గదా, నీళ్ళు యాడికి పోతాండాయో సెప్పు" అన్నాడు. మా ఇంట్లో డిగ్రీ ముఖం చూసినవాణ్ణి నేనే మొదలు, చెప్పక తప్పుతుందా! పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మూత తీసి స్టార్టు చేయించాను. నీళ్ళలో బుడగలు ఆగకుండా వస్తున్నాయి. సిలిండర్‌లో మండిన వాయువు గాస్కెట్ దాటి నీళ్ళలోకి వస్తోందన్నమాట. పిస్టన్‌ను నెట్టవలసిన వాయువు అలా పక్కదారి పట్టింది కనుకనే పికప్ తగ్గింది. స్పార్క్ ప్లగ్గులు మూడూ విప్పితే రెండు గోధుమరంగులో ఉన్నాయి, మూడోది ఆవిరితో కడిగినట్టు తెల్లగా ఉంది.

ఆయిల్ కడ్డీకి పాలు కలిపిన కాఫీ రంగు నురుగు అంటుకుంటే నీళ్ళు ఆయిల్‌లో చేరాయనే అనుమానించాలి. అలాంటి బండిని స్టార్టు చేయకుండా లాగించుకుపోవాలి. నీళ్ళు బాగా తగ్గినప్పుడు టెంపరేచర్ ముల్లును కూడా నమ్మరాదు. సెన్సర్ నీళ్ళలో మునగకపోతే అది తక్కువే చూపవచ్చు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో ఉత్పత్తి మొదలుపెట్టిన కియా కార్లలో ఇంజిన్ వేడిని కంప్యూటర్ గమనిస్తూ ఉంటుంది. కార్బురేటర్ బండిలో ఆ పని నడిపేవాడిదే.

"మన దగ్గర మంచు పడదు గదా, కూలెంట్ ఎందుకు?" అని చాలామంది బోరు నీళ్ళే పోస్తారు. మన బోరు నీళ్ళలో కఠినత్వం ఎక్కువ. బిందె అడుగున పట్టే తెల్లటి సున్నమే రేడియేటర్ గొట్టాల్లోనూ పేరుకుని వేడిని కదలనివ్వదు. కూలెంట్‌లో తుప్పు పట్టనివ్వని మందులు ఉంటాయి. దాన్ని డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి పోయాలి. అది తియ్యగా ఉండే విషం, పిల్లలకు, కుక్కలకు అందనివ్వకండి.

గాస్కెట్ మార్చేటప్పుడు హెడ్‌ను లేత్ షెడ్డుకు పంపి, వంగిందేమో స్కేలు పెట్టి చూపించండి. వంగిన హెడ్ మీద కొత్త గాస్కెట్ వేస్తే అదీ నిలవదు.