అన్నము నుండి ఆనందము వరకు

తైత్తిరీయోపనిషత్తునందలి భృగువల్లిలో వరుణుడు కుమారునకు బ్రహ్మలక్షణమును మాత్రము చెప్పి, తపస్సుచే తెలిసికొమ్మనెను. భృగువు తొలుత అన్నమును, పిదప ప్రాణమును, మనస్సును, విజ్ఞానమును, తుదకు ఆనందమును బ్రహ్మముగా నెరిగెను. పై మెట్టెక్కినవాడు క్రింది మెట్టును పడగొట్టలేదు. అన్నమును నిందింపరాదని అచ్చటనే వ్రతముగా విధింపబడినది.

శ్రీ అరవిందులు (1872–1950) ఉపనిషత్తుల వెలుగులో ఇట్టి సమగ్రదర్శనమునే ప్రతిపాదించిరి. జడమునందు ప్రాణము, ప్రాణమునందు మనస్సు వికసించినట్లే, మనస్సును మించిన చైతన్యము మానవునియందు వికసింపవలెనని వారి సిద్ధాంతము. 1914 నుండి ‘ఆర్య’ పత్రికలో దానిని విస్తరించిరి. 1948లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కట్టమంచి రామలింగారెడ్డిగారి పేరిటి జాతీయ బహుమానమును వారికి సమర్పించినది. ప్రాంతముల వైవిధ్యము చెడకుండ దేశైక్యము నిలువవలెనని వారు అప్పుడు సందేశమిచ్చిరి.

మన కదిరి సీమలోని తిమ్మమ్మ మర్రిమాను దీనికి దృష్టాంతము. ఊడలు అనేకములు, చెట్టు ఒక్కటే. ఒక ఊడ ఎండిన, ఆ కొమ్మకు ఆధారము తగ్గును.

తనకల్లు ప్రాంతమున కరవు వచ్చిన ఒక యేట, నేను దేహము అనిత్యమని పాఠము చెప్పుచుండగా, ఒక బాలుడు సొమ్మసిల్లెను. వాడు ముందటి రాత్రి నుండి ఏమియు తినలేదట. వానికింత గంజి పోసిన పిమ్మటనే పాఠము సాగినది. అన్ని యేండ్లు వల్లించిన భృగువల్లి నాకు ఆనాడు అర్థమైనది.

కావున ఆస్తికులారా! ఆనందమును కోరువారు పొరుగువాని అన్నమును ముందు విచారింపవలెను. సాధనకు అదియే తొలిమెట్టు.