గేదె అరవలేదని ఎదకు రాలేదనుకోకండి

జీవామృతానికి పేడ, మూత్రం వస్తున్నాయి కదా అని మనలో చాలామంది పశువు చూలు సంగతి పట్టించుకోరు. వట్టిపోయి నెలల తరబడి నిలబడ్డాక మేత ఖర్చు భరించలేక సంతకు తోలేస్తారు. నేను చూసినంతలో అలా తోలేసిన గేదెల్లో జబ్బువి కొన్నే. మిగతావాటికి ఎద వచ్చి పోయింది, మనం చూడలేదు.

లెక్క చూడండి. గేదె సుమారు 310 రోజులు మోస్తుంది. ఈనిన 3 నెలల్లోపు చూలు కడితేనే 13 నెలలకో దూడ, మళ్లీ పాలు. ఎద 21 రోజులకోసారి వస్తుంది. మూడుసార్లు తప్పిపోతే 63 రోజుల మేత వృథా. (మేకకూ ఇంచుమించు అంతే, గొర్రెకు 17 రోజులు.)

ఆవైతే అరుస్తుంది, పక్క పశువుల మీద ఎక్కుతుంది, ఎవరికైనా తెలుస్తుంది. గేదె అలా కాదు. దాన్నే మూగ ఎద అంటాం. అదీ ఎక్కువగా రాత్రిపూట, తెల్లవారుజామున వస్తుంది. ఎండాకాలంలో మరీ కనిపించదు. అందుకే పొద్దున పాలు పిండే ముందు, రాత్రి పడుకునే ముందు కొట్టంలోకి వెళ్లి వెనకవైపు చూడాలి. మానం కాస్త ఉబ్బి, లోపల ఎర్రగా ఉంటుంది. పడుకున్నప్పుడు గాజులాంటి తీగ కారుతుంది, తోకకు అంటుకుని కూడా ఉంటుంది. మాటిమాటికీ కొద్దికొద్దిగా మూత్రం పోస్తుంది. ఆ పూట సరిగా చేపదు, పాలు తగ్గుతాయి. పాలు పిండే ఆడవాళ్లకే ఇది ముందు తెలుస్తుంది, వాళ్ల మాట వినండి.

పొద్దున ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున సూది వేయించాలి, లేదా దున్నపోతుకు కట్టించాలి. ఎద కనిపించగానే అండం విడుదల కాదు. ఆవులో ఎద ముగిసిన 10-12 గంటలకు విడుదలవుతుంది. మరీ తొందరపడినా, మర్నాడు మధ్యాహ్నం దాకా ఆగినా ఖర్చే మిగులుతుంది.

ఆవుల్లో, ముఖ్యంగా పెయ్యల్లో, ఎద పోయిన 2-3 రోజులకు కొద్దిగా రక్తం కనిపించవచ్చు. అది చూసి సూదికి పరుగెత్తకండి, ఆ ఎద అయిపోయింది. గోడ మీద క్యాలెండర్లో ఆ రోజు గుర్తు పెట్టుకోండి. అక్కడి నుంచి 18-19 రోజులకు మళ్లీ వస్తుంది.

సహజ సేద్యం పేరుతో ఉప్పు, ఖనిజ మిశ్రమం మానేయడం నాకు నచ్చదు. లవణాలు లేని పశువు ఎదకు రాదు. నులిపురుగులకు మందు తాగించండి. ఎండాకాలంలో గేదెకు నీడ, రెండుపూటలా ఒంటిమీద నీళ్లు ఉండాలి.

సూది వేయించిన 21వ రోజున ఎద కనిపించకపోతే చూలు నిలిచిందని నిశ్చింతగా కూర్చోకండి, అదీ మూగ ఎదే కావచ్చు. రెండు నెలలు దాటాక పశువైద్యుడితో పరీక్ష చేయించండి.