థర్మోకోల్ విమానం - తూకమూ, కొలతా

థర్మోకోల్ అనగానే మనకు గుర్తుకు వచ్చేది పెండ్లి పందిట్లో వధూవరుల పేర్లు చెక్కిన తెల్లని అక్షరాలు, లేదా కొత్త టీవీ డబ్బాలో మూలలకు పెట్టి పంపే దిమ్మెలు. పని తీరగానే వాటిని పెంటకుప్ప మీద పారవేస్తాము. అదే వస్తువుతో రెక్కలు కోసి, మోటారు, బ్యాటరీ అమర్చి, చేతిలోని రేడియోతో ఆకాశంలో తిప్పవచ్చునని ఈనాడు విద్యార్థులలో చాలామందికి తెలుసు. ఆ వీడియోలు చూడనివారు లేరు. అయితే పది నిమిషాల వీడియోలో విమానం తయారై, ఎగిరి, దిగి కూడా పోతుంది. అందులో ఎక్కడా కనిపించనిది కొలబద్ద. నేను ఈ వ్యాసంలో వ్రాయదలచినది దాని గురించే.

లోలకంతో గురుత్వ త్వరణం కనుగొనే ప్రయోగం మనమందరం ఎరిగినదే. జవాబు 980 దగ్గరికి రావాలని ప్రయోగానికి ముందే తెలుసు కనుక, ఏ లాబొరేటరీలో చూసినా రీడింగులు ఎంతో మర్యాదగా 980 దగ్గరికే వచ్చి నిలబడతాయి. (దీని మీద ఇంతకంటె వ్రాస్తే రికార్డులు దిద్దేవారూ, వ్రాసేవారూ ఇద్దరూ నా మీద కోపగిస్తారు.) విమానం దగ్గర ఆ వీలు లేదు. దానికి మనం కాగితం మీద ఏమి వ్రాసుకున్నామో తెలియదు. మనం నిజంగా ఏమి కట్టామో అదొక్కటే తెలుసు.

రైట్ సోదరులకు ఎదురైనది కూడా ఇదే. తమకు ముందటి పెద్దలు ప్రకటించిన పట్టికలను నమ్మి గ్లైడర్ కట్టితే, అది పట్టిక చెప్పినంత బరువు మోయలేదు. 1901లో వారు ఒక చెక్కపెట్టెతో గాలి సొరంగం తయారుచేసి, సుమారు 200 చిన్న రెక్కల నమూనాలను ఒక్కొక్కటిగా పరీక్షించి తమ పట్టిక తామే వ్రాసుకున్నారు. 1903 డిసెంబర్ 17న 12 సెకన్ల పాటు 120 అడుగులు ఎగిరిన విమానం వెనుక ఉన్నది ఆ పట్టికే.

ఇక మన విమానానికి వద్దాము. మొదట తూకం. రెక్క ఈ చివరి నుండి ఆ చివరికి 100 సెంటీమీటర్లు, వెడల్పు 20 సెంటీమీటర్లు. వైశాల్యం 2000 చదరపు సెంటీమీటర్లు. అన్నీ కలిపి బరువు 700 గ్రాములు అనుకుందాం. పైకి లేపే బలమంటే గాలి సాంద్రతలో సగాన్ని వేగపు వర్గంతో, రెక్క వైశాల్యంతో, రెక్క గుణకంతో గుణించగా వచ్చేది. సిద్దిపేట సముద్రమట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తున ఉన్నది కనుక గాలి సాంద్రతను ఘనపు మీటరుకు 1.1 కిలోలుగా తీసుకోవచ్చు. రెక్క గుణకం గరిష్ఠంగా 1 అనుకుంటే, ఈ విమానం గాలిలో నిలవడానికి కావలసిన కనీస వేగం సెకనుకు 7.9 మీటర్లు, అనగా గంటకు 28 కిలోమీటర్లు. అదే విమానం 900 గ్రాములైతే కనీస వేగం 32 కిలోమీటర్లకు పెరుగుతుంది. తేడా నాలుగు కిలోమీటర్లే కదా అనిపిస్తుంది. కాని దిగేటప్పుడు నేలకు తగిలే గతిజశక్తిలో బరువూ ఉంది, వేగపు వర్గమూ ఉంది. రెండూ కలిసి దెబ్బను 65 శాతం పెంచుతాయి. ఎక్కడిదక్కడ "ఇంత జిగురేగా" అని పెట్టిన దానికి ఫలితం ఇది.

700 గ్రాములు ఎట్లా ఖర్చవుతాయో చూడండి. మూడు సెల్లుల 2200 మిల్లీఆంపియర్-అవర్ల లిథియం పాలిమర్ బ్యాటరీ 180 గ్రాముల దాకా తూగుతుంది. మోటారు 50, స్పీడ్ కంట్రోలర్ 25, నాలుగు చిన్న సర్వోలు 36, రిసీవర్ 15, ప్రొపెల్లర్ 10. ఇవన్నీ కొన్నవి కనుక మన చేతిలో లేవు. థర్మోకోల్ మొత్తం చేరి 150 గ్రాములు దాటదు. అందులో నూటికి 98 పాళ్లు గాలే. మిగిలినదంతా వెదురు బద్దలు, టేపు, జిగురు, తీగలు, చక్రాలు. పొదుపు చేయగలిగినదీ, దుబారా అయ్యేదీ ఈ భాగంలోనే. కనుక ప్రతి ముక్కనూ అతికించక ముందు ఒకసారి, అతికించిన తరువాత ఒకసారి తూచి నోటుబుక్కులో వ్రాయాలి. ఒక గ్రాము చూపే వంటింటి కాంటా చాలు. అదీ లేకుంటే అవుసలి దుకాణంలో అడిగితే నవ్వుతూ తూచి ఇస్తారు.

ముఖ్యంగా తోక దిక్కు జాగ్రత్త. గరిమనాభికి 50 సెంటీమీటర్ల వెనుక తోకలో 10 గ్రాముల జిగురు ఎక్కువైతే, దాని భ్రామకాన్ని సరితూచడానికి 15 సెంటీమీటర్ల ముందు ఉన్న ముక్కులో 33 గ్రాముల సీసం పెట్టవలసి వస్తుంది. 10 గ్రాములకు జరిమానా 43 గ్రాములన్నమాట.

రెక్క కోయడానికి బ్లేడు కంటె వేడి తీగ మేలు. కరెంటు పొయ్యి కాయిల్‌లో ఉండే నైక్రోమ్ తీగను సాగదీసి వెదురు విల్లుకు బిగించాలి. 26 గేజి తీగ 60 సెంటీమీటర్లకు నిరోధం సుమారు 4 ఓంలు. 12 వోల్టులకు 3 ఆంపియర్లు, అంటే 36 వాట్ల వేడి. దానికి తగిన ట్రాన్స్‌ఫార్మర్ గాని, బండి బ్యాటరీ గాని వాడాలి. గోడ కరెంటుకు నేరుగా కలిపితే ప్రాణం పోతుంది. థర్మోకోల్ కరిగే పొగ పీల్చదగినది కాదు కనుక ఈ పని ఆరుబయటే చేయాలి. రెక్క రెండు కొసలకూ ప్లైవుడ్ అచ్చులు మేకులతో గుచ్చి, వాటి మీద తీగను నడిపించాలి. ఇక్కడ చెయ్యి ఆగరాదు. తీగ ఒకచోట ఒక్క క్షణం నిలిస్తే అక్కడ గుంట పడుతుంది. అచ్చు మీద ఒకటి నుండి పది దాకా అంకెలు వేసి, ఇద్దరు మనుషులు రెండు కొసల కాడ నిలబడి అంకెలు పైకి చదువుకుంటూ లాగితే కోత సమానంగా వస్తుంది. మేము ఇద్దరం "నాలుగు... అయిదు..." అని చదువుతుంటే వాడకట్టు పిల్లలంతా వచ్చి చేరారు.

నేను రెండు రెక్కలనూ వేరువేరుగా తూచాను. ఒకటి 71 గ్రాములు, ఇంకొకటి 66. షీటు ఒకటే, అచ్చు ఒకటే. థర్మోకోల్‌లో గింజ ఒకచోట దట్టంగా, ఒకచోట పలుచగా ఉండటమే కారణం. 5 గ్రాముల తేడాకు 5 గ్రాములు కలపనక్కర లేదు. రెక్క బరువు నడిమధ్యన, అనగా 25 సెంటీమీటర్ల దగ్గర ఉన్నట్లు లెక్క. 50 సెంటీమీటర్ల దూరాన కొసలో 2.5 గ్రాముల చిన్న మేకు గుచ్చితే సరిపోతుంది. ఇంటర్మీడియట్‌లో చదివిన భ్రామకం పాఠం నాకు చేతికి తగిలినట్లు అర్థమైంది అప్పుడే.

థర్మోకోల్ ఒత్తిడికి ఓర్చుకుంటుంది గాని లాగితే తెగుతుంది. ఎగిరేటప్పుడు రెక్క కొసలు పైకి వంగుతాయి. అప్పుడు కింది ముఖం సాగుతుంది, పై ముఖం నొక్కుకుంటుంది. అందుకని పొడవునా కిందా పైనా నార టేపు, లోపల వెదురు బద్ద పెడతాము. రెండు వైపులకూ ఒకే వెదురును చీల్చిన బద్దలు వాడితే వంపు సమానంగా ఉంటుంది. తయారైన విమానాన్ని రెండు రెక్కల కొసల కింద వేళ్లు ఆనించి మెల్లగా లేపి చూడండి. రెక్క అంతటా పంచుకోవలసిన బరువు కొసల మీదనే పడుతుంది కనుక, మధ్యలో వంపు భ్రామకం మామూలు ఎగురుడులో కంటె సుమారు రెట్టింపు. దీనికి నిలిస్తే ఆకాశంలోనూ నిలుస్తుంది.

అన్నిటికంటె మోసం చేసేది రెక్క మెలిక. 20 సెంటీమీటర్ల వెడల్పు రెక్కలో వెనుక అంచు మూడున్నర మిల్లీమీటర్లు దిగితే కోణం ఒక డిగ్రీ మారుతుంది. మూడున్నర మిల్లీమీటర్లు కంటికి ఆనవు. కాని సెకనుకు 12 మీటర్ల వేగంతో పోయేటప్పుడు ఆ ఒక్క డిగ్రీ ఆ వైపు రెక్క లేపే బలాన్ని ఉజ్జాయింపుగా అయిదో వంతు పెంచుతుంది. అప్పుడు విమానం ఎగురుతున్నంతసేపూ రెండో వైపుకు ఒరుగుతూనే ఉంటుంది. రెక్కను గాజు పలక మీద గాని, నున్నని బండ మీద గాని పెట్టి, ముందంచు, వెనుకంచు ఎత్తులు నాలుగు చోట్ల కొలిచి రెండు వైపులవీ పోల్చాలి.

ఈ కోణం సంగతి సేద్యగాళ్లకు కొత్త కాదు. నాగలి కర్రు ఎంత లోతు దిగాలో నిర్ణయించేది ఎద్దుల బలం కాదు, కర్రు నేలను తాకే కోణం. నొగకు కాడిని కట్టే తాడు నాలుగు వేళ్లు ముందుకో వెనక్కో జరిపితే సాలు లోతు మారుతుంది. మా బాపుకు విమానపు రెక్క ముందంచు 7 మిల్లీమీటర్లు ఎత్తి పెట్టాలని, అంటే రెండు డిగ్రీలని చెప్పితే, "గంతే గదా, దున్నేటప్పుడు మేము చేసేది గదే" అని తేల్చేశాడు.

రెక్కను ఒంటికి బిగించేటప్పుడు సుతారి పద్ధతి అవలంబించాలి. ఇంటి ముగ్గు పోసేటప్పుడు వారు మూలలు సరిచూడటానికి దారంతో కర్ణాలు కొలుస్తారు. అట్లాగే తోక మధ్యన గుండుసూది గుచ్చి, దానికి దారం కట్టి, ఎడమ రెక్క కొసకు ఎంత ఉందో ముడి వేసి, అదే దారాన్ని కుడి కొసకు తిప్పాలి. ముడి తప్పితే జిగురు ఆరకముందే సర్దాలి. స్కేలు కంటె దారమే నమ్మకం.

జిగురు విషయంలో రసాయనశాస్త్రం మిత్రులు నవ్వుకోవచ్చు. పాలీస్టైరీన్ పెట్రోలులో, రబ్బరు జిగురు ద్రావణిలో, క్షణంలో అతుక్కునే జిగురులో కూడా కరుగుతుంది. వీటిని ఒక పనికిరాని ముక్క మీద వేసి చూస్తే గుంట ఎట్లా పడుతుందో తెలుస్తుంది. తెల్లని ఫెవికాల్ కరిగించదు గాని, దానిలోని నీరు పోవడానికి దారి లేక మందంగా పెట్టినచోట రోజుల తరబడి పచ్చిగానే ఉంటుంది. పలుచగా పూసి, ఓపిక పట్టాలి. మోటారు బిగించే ప్లైవుడ్ ముక్కకు మాత్రం ఎపాక్సీ తప్పదు.

గరిమనాభి రెక్క ముందంచు నుండి వెడల్పులో 25 నుండి 30 శాతం మధ్య, అనగా మన రెక్కకు 5 నుండి 6 సెంటీమీటర్ల దగ్గర ఉండాలి. వెనక్కి పోతే విమానం మాట వినదు. బ్యాటరీని 2 సెంటీమీటర్లు జరిపితే గరిమనాభి అర సెంటీమీటరు జరుగుతుంది. కనుక బ్యాటరీ అరను కొంచెం పొడవుగా ఉంచుకుంటే సీసంతో పని ఉండదు.

రేడియో గురించి ఎక్కువ చెప్పనక్కర లేదు. ఇప్పటి 2.4 గిగాహెర్ట్జ్ సెట్లు బజారులో దొరుకుతాయి, వాటి పని అవి చేస్తాయి. పుల్ల కుడికి నెట్టితే కుడి ఎయిలరాన్ పైకి లేవాలి. సిగ్నల్ తెగితే మోటారు ఆగాలి. ఈ రెండూ ఎగరవేసే ప్రతిసారీ చూడాలి. కొందరు గైరో పరికరం పెడతారు. అది మెలిక తిరిగిన రెక్కను కూడా సరిగా నడిపిస్తుంది. నా ఉద్దేశంలో నేర్చుకునేవారు దానిని పెట్టరాదు. కొలతలోని లోపాన్ని అది దాచిపెడుతుంది, బ్యాటరీ తగ్గినప్పుడో, గాలి పెరిగినప్పుడో బయటపెడుతుంది.

లోపం బయటపడేది మనుషుల నెత్తి మీద కావచ్చు. 700 గ్రాముల విమానం సెకనుకు 12 మీటర్ల వేగంతో తగిలితే, కిలో రాయి 5 మీటర్ల ఎత్తు నుండి పడినంత దెబ్బ. పది అంగుళాల ప్రొపెల్లర్ నిమిషానికి 8000 చుట్లు తిరిగేటప్పుడు దాని కొస వేగం గంటకు 380 కిలోమీటర్లు. బల్ల మీద మోటారును పరీక్షించేటప్పుడు ప్రొపెల్లర్ తీసివేయమనేది ఇందుకే. కోమటి చెరువు కట్ట మీద ఎగరవేస్తే సాయంత్రం జనం చప్పట్లు కొడతారు, కాని అది తగిన స్థలం కాదు. వరి కోసిన మళ్లు, తెల్లవారుజామున గాలి లేని వేళ, కరెంటు తీగలకు దూరంగా. కొయ్యకాళ్ల మీద దిగితే థర్మోకోల్‌కు పెద్దగా దెబ్బ తగలదు. పక్కన మక్క చేను ఉంటే మాత్రం వెతకడానికి అరపూట పడుతుంది. 2021 డ్రోన్ నియమాలతో ఆకాశాన్ని ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మండలాలుగా పటంలో గుర్తించారు. ఆ పటం చూసుకోవాలి, ఆకుపచ్చ మండలంలోనూ 400 అడుగులు దాటరాదు.

మొదట మోటారు లేకుండా, నిలువెత్తు నుండి, తల సమానంగా పెట్టి ఈటెలాగా మెల్లగా విసరాలి. పది పన్నెండు అడుగులు తిన్నగా పోయి దిగితే మంచిదే. ముక్కు ఎత్తి ఆగి పడితే బ్యాటరీ ముందుకు, నేలకు గుచ్చుకుంటే వెనక్కు. ఒక్కసారికి అర సెంటీమీటరు మించి జరపవద్దు, ప్రతిసారీ గుర్తు పెట్టి వ్రాసుకోవాలి. నా విమానం తొలిరోజు నాలుగు నిమిషాలు ఎగిరి దిగింది. రేడియోలో కుడి ట్రిమ్ రెండు మెట్లు జరిపి ఉంది. ఇంటికి వచ్చి ఎడమ రెక్కను మళ్లీ బండ మీద పెట్టి కొలిచితే కొస దగ్గర వెనుక అంచు దాదాపు ఒక మిల్లీమీటరు ఎత్తుగా తేలింది. ఆ వైపు టేపును ఎండలో కాస్త వేడిచేసి సర్దాను, రెండోరోజుకు ట్రిమ్ సున్నాకు వచ్చింది. కొలతల కాగితమూ, ప్లైవుడ్ అచ్చులూ నా దగ్గరే ఉన్నాయి. కావలసినవారు వచ్చి గీసుకొని పోవచ్చును.