ఒక ఆంగ్ల పల్లెపట్టణం – దాని ప్రశాంతతకు మూలాలు

ఇంగ్లాండు అనగానే మన విద్యార్థుల మనస్సులో మెదిలేది లండన్ మహానగరం. థేమ్స్ నది, పార్లమెంటు భవనం, పొగగొట్టాల కర్మాగారాలు మనకు పాఠ్యపుస్తకాల ద్వారా పరిచితమైనవే. కాని ఆ దేశ జీవితాన్ని లోతుగా ఎరుగవలెనంటే మహానగరాలను విడిచి, గ్రామసీమలలోని చిన్న సంతపట్టణాలను చూడవలెను. అట్టి పట్టణాలలో ఒకటి గ్లాస్టర్‌షైర్ మండలంలోని చిప్పింగ్ కాంప్‌డెన్. దానిని దర్శించే అవకాశం మాకు కలిగినది. అక్కడి అందాన్ని వర్ణించుటకంటె, ఆ ప్రశాంతత ఎట్లు ఏర్పడినదో, దానిని ఎవరు నిలిపారో పరిశీలించుటే ఈ వ్యాసం ఉద్దేశము.

ఉనికి – పేరు

లండన్‌లోని పాడింగ్టన్ స్టేషను నుండి రైలులో సుమారు గంటన్నర ప్రయాణం చేస్తే మోర్టన్-ఇన్-మార్ష్ అనే ఊరు వస్తుంది. అక్కడ దిగి బస్సులో కొన్ని మైళ్ళు పోతే కాంప్‌డెన్ చేరవచ్చును. పూర్వం కాంప్‌డెన్‌కు సొంత స్టేషను ఉండేది. 1966లో దానిని మూసివేశారు. దారి పొడవునా మెత్తని గుట్టలు, రాతిగోడల నడుమ పచ్చిక బయళ్ళు, మేస్తున్న గొర్రెలు కనిపిస్తాయి. కాట్స్‌వోల్డ్స్ అనే ఈ ప్రాంతాన్ని 1966లోనే ప్రకృతి సౌందర్య రక్షిత సీమగా ప్రభుత్వం ప్రకటించినది.

పాత ఆంగ్లంలో ‘చిప్పింగ్’ అనగా సంత లేక అంగడి. కనుక దీనిని ‘సంత కాంప్‌డెన్’ అని మనం చెప్పుకోవచ్చును. 12వ శతాబ్దంలో ఇక్కడ సంత నడుపుకొనుటకు అనుమతి లభించినది. ఆనాడు గీసిన వీధియే నేటికీ ప్రధాన వీధి. అది విల్లువలె కొంచెం వంగి ఉన్నది. దానికి ఇరువైపులా ఇండ్లు ఒకదానినొకటి ఆనుకొని నిలిచినవి. ఒక్కొక్క ఇంటి ముఖభాగం చిన్నది. వెనుక పెరడు మాత్రం సన్నగా, చాలా పొడవుగా సాగుతుంది. వీధి వైపు స్థలానికి గిరాకీ ఎక్కువ కాబట్టి అందరికీ వాటా దక్కవలెనని ఆనాటివారు చేసిన ఏర్పాటిది. ఇండ్లన్నీ అక్కడి నేలలో దొరికే సున్నపురాతితో కట్టినవే. ఆ రాతిలోని ఇనుపధాతువు వలన గోడలు తేనెరంగుతో ఉంటాయి. సాయంకాలపు ఎండలో ఆ వీధి బంగారు పూత పూసినట్లు కనిపిస్తుందనుట అతిశయోక్తి కాదు.

ఉన్ని తెచ్చిన సిరి

ఇంత చిన్న ఊరికి అంత పెద్ద చర్చి ఎందుకున్నదని చూచినవారు ప్రశ్నించక మానరు. దానికి జవాబు ఉన్ని. మధ్యయుగాలలో కాట్స్‌వోల్డ్స్ గొర్రెల ఉన్నికి ఐరోపాలో గొప్ప పేరుండేది. ఫ్లాండర్స్, ఇటలీ దేశాల వర్తకులు దానిని కొనేవారు. ఈ వ్యాపారంలో ధనికుడైన విలియం గ్రెవెల్ 14వ శతాబ్దం చివర కట్టించిన ఇల్లు నేటికీ ప్రధాన వీధిలో నిలిచియున్నది. అతడు 1401లో మరణించాడు. సెయింట్ జేమ్స్ చర్చిలో అతని సమాధిపై పరచిన ఇత్తడి ఫలకం అతనిని ఇంగ్లాండు ఉన్ని వర్తకులందరిలో శ్రేష్ఠుడుగా కీర్తిస్తున్నది.

తరువాత వచ్చిన దాత బాప్టిస్ట్ హిక్స్. ఇతడు లండన్‌లో పట్టువస్త్రాల వ్యాపారి. జేమ్స్ రాజుకే అప్పులిచ్చిన ధనికుడు. 1612లో ఇతడు పన్నెండుగురు వృద్ధులైన నిరుపేదలకు చర్చి సమీపాన ఇండ్లు కట్టించాడు. మన ముస్లిం సోదరులు వక్ఫ్ అనీ, హిందువులు ధర్మసత్రం అనీ చెప్పుకొనే సంప్రదాయానికి ఇది సమీపంగా ఉన్నది. నాలుగు శతాబ్దాలు గడచినా ఆ ఇండ్లలో వృద్ధులు నివసిస్తూనే ఉన్నారు. దానము చేసినవాని పేరు గొప్పదే; కాని ఆ దానాన్ని తరతరాలుగా చెడకుండా నడిపిన ధర్మకర్తల శ్రమ అంతకంటె గొప్పదని మా అభిప్రాయం. ఆ ఇండ్ల ఎదుట రోడ్డు పక్కన రాతితో కట్టిన పల్లపు తొట్టి ఒకటి ఉన్నది. బండి చక్రాలకు అంటిన బురదను అందులో కడిగేవారు.

1627లో హిక్స్ వీధి నడుమ ఒక అంగడి మండపం కట్టించాడు. వెన్న, జున్ను, కోళ్ళు అమ్ముకొనేవారికి వాననుండి రక్షణ కల్పించుట దాని ప్రయోజనం. నాలుగువైపులా కమానులు, లోపల ఎగుడుదిగుడు రాళ్ళ నేల. మరే ఆడంబరమూ లేదు.

ఈ ఊరు ఎల్లప్పుడూ ప్రశాంతంగా ఉన్నదని భ్రమపడరాదు. హిక్స్ నిర్మించిన గొప్ప భవనం అంతర్యుద్ధ కాలంలో రాజపక్ష సైనికుల స్థావరమైనది. 1645లో వారు ఊరు విడిచిపోతూ, శత్రువుల చేత చిక్కరాదని దానిని తగులబెట్టారు. ద్వారభవనం, ఉద్యానంలోని విందు మందిరాలు మాత్రమే మిగిలినవి.

పేదరికం కాపాడిన అందం

ఇంగ్లాండు క్రమంగా ముడి ఉన్నిని ఎగుమతి చేయుట తగ్గించి, బట్టను నేసి అమ్మసాగినది. బట్టను ఉతికి దట్టం చేసే మరలకు వేగంగా పారే నీరు కావలెను. అది స్ట్రౌడ్ ప్రాంతపు లోయలలో పుష్కలంగా ఉన్నది, కాంప్‌డెన్‌లో లేదు. అందువలన సిరి అటు తరలిపోయినది. 1870 తరువాత అమెరికా ధాన్యం చౌకగా దిగుమతి కాగా ఇంగ్లాండు వ్యవసాయం దెబ్బతిన్నది. కూలీలు పని వెదకుతూ పట్టణాలకు వలసపోయారు. కాంప్‌డెన్‌లో ఇండ్లు ఖాళీపడినవి.

ఇక్కడ ఒక విచిత్ర సత్యం కలదు. డబ్బున్న ఊళ్ళు పాత ఇండ్లను పడగొట్టి కొత్తవి కట్టుకొన్నవి. కాంప్‌డెన్‌కు ఆ స్తోమత లేదు. కనుకనే పాత వీధి చెక్కుచెదరలేదు. నేడు యాత్రికులు మెచ్చుకొనే అందం చాలావరకు ఆనాటి లేమి ఫలితమే. ఆ లేమిలో ఆకలితో ఊరు విడిచిన కుటుంబాలను మరచి, గోడల రంగును మాత్రమే పొగడుట న్యాయం కాదు.

చేతిపనివారి ప్రయోగం

1888లో సి. ఆర్. ఆష్‌బీ అనే వాస్తుశిల్పి లండన్ తూర్పు ప్రాంతపు పేదవాడలో ఒక హస్తకళాకారుల సంఘం స్థాపించాడు. యంత్రం మనిషి చేతి నేర్పును, పనిలోని ఆనందాన్ని హరిస్తున్నదని అతని బాధ. 1902లో ఆ సంఘం కాంప్‌డెన్‌కు తరలివచ్చినది. భార్యాబిడ్డలతో కలిసి సుమారు నూటయాభైమంది వచ్చారు. మూతపడిన ఒక పట్టుమిల్లు వారి కార్ఖానా అయినది. వెండిపని, నగలు, వడ్రంగం, కమ్మరం, పుస్తక ముద్రణ అక్కడ సాగినవి. ఊరివారి కొరకు ఆష్‌బీ ఒక కళాపాఠశాలను కూడ నడిపాడు.

అయినను 1908 నాటికి సంఘం మూతపడినది. కారణాలు స్పష్టమే. యంత్రాలతో చేసిన చౌక నకళ్ళు బజారులో నిండినవి. లండన్‌లో ఉన్నప్పుడు గిరాకీ తగ్గితే పనివారు కొన్నాళ్ళు మరొకచోట కూలి వెదకుకొనేవారు. పల్లెపట్టణంలో ఆ దారి లేదు. ఆశయం ఎంత ఉన్నతమైనా దానికి తగిన ఆర్థిక పునాది ఉండవలెనని ఈ ప్రయోగం బోధిస్తున్నది. కాని అంతా వృథా కాలేదు. కొందరు పనివారు అక్కడే స్థిరపడ్డారు. వారిలో ఒక వెండిపని కుటుంబం అదే పట్టుమిల్లులో తరతరాలుగా పనిని కొనసాగించినది.

భారతీయునికి అక్కడ కనిపించేవి

ఈ పట్టణానికి మన దేశంతో గల సంబంధాలను విద్యార్థులు గమనించవలెను. సింహళంలో జన్మించిన తమిళ వంశీయుడు ఆనంద కుమారస్వామి, విదేశీ వస్తువుల వెల్లువలో తన దేశపు చేతిపనులు నశించుటను కన్నులారా చూచాడు. ఆయన ఇంగ్లాండు వచ్చి, కాంప్‌డెన్‌ను ఆనుకొనియున్న బ్రాడ్ కాంప్‌డెన్‌లో నివసించాడు. ఆష్‌బీ బాగుచేసిన ఒక పురాతన ప్రార్థనాలయమే ఆయన గృహం. మధ్యయుగ సింహళ కళను గూర్చిన ఆయన మహాగ్రంథం 1908లో అక్కడే వెలువడినది. విలియం మారిస్ వాడిన చేతి ముద్రణయంత్రాలను అతని మరణానంతరం ఆష్‌బీ కొనగా, వాటిపైననే అది అచ్చయినది. ఈ కుమారస్వామియే తరువాత మన ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారితో కలిసి నందికేశ్వరుని అభినయదర్పణాన్ని ఆంగ్లీకరించాడు. ఆ అనువాదం 1917లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయ ప్రచురణగా వెలువడినది.

మరొక సంబంధం వేరు విధమైనది. మోర్టన్ సమీపాన సెజిన్‌కోట్ అనే భవనం ఉన్నది. ఆంగ్ల పచ్చికల నడుమ మొగలాయి గుమ్మటం, చిన్న మీనారులు, ఛజ్జాలు చూచి మన కన్నులు ఆశ్చర్యపడతాయి. ఈస్టిండియా కంపెనీ కొలువులో ధనం గడించిన చార్లెస్ కాకరెల్ కొరకు అతని సోదరుడు శామ్యూల్ పెపీస్ కాకరెల్ 1805 ప్రాంతంలో దీనిని నిర్మించాడు. మన దేశమంతా తిరిగి చిత్రాలు గీసిన థామస్ డేనియల్ అందుకు సలహాలిచ్చాడు. దానికి కొద్ది మైళ్ళ దూరంలోని డేల్స్‌ఫర్డ్‌లో వారన్ హేస్టింగ్స్ తన పూర్వీకుల ఎస్టేటును 1788లో తిరిగి కొని, చివరి రోజులు గడిపి, 1818లో మరణించాడు. ఆ ఎస్టేటు కొన్న సంవత్సరంలోనే అతనిపై పార్లమెంటులో విచారణ ఆరంభమైనది. ఇంగ్లాండు పల్లెసీమలోని ప్రశాంత ఉద్యానాల వెనుక భారతదేశపు రాబడి కూడ కొంత ఉన్నదని ఈ రెండు భవనాలు సాక్ష్యమిస్తున్నవి. ద్వేషంతో కాదు, చరిత్రజ్ఞానంతో మనం దీనిని గుర్తుంచుకొనవలెను.

ఊరివారి పూనిక

లేమి కాపాడిన వీధిని మోటారు కార్ల యుగంలో కాపాడినది ఊరివారే. చిత్రకారుడు ఫ్రెడరిక్ గ్రిగ్స్, అతని మిత్రులు 1929లో కాంప్‌డెన్ ట్రస్టును స్థాపించి, శిథిలమవుతున్న ఇండ్లను కొని బాగుచేయించారు. ఊరి పైనున్న డోవర్స్ కొండపై హోటలు కట్టే ప్రమాదం ఏర్పడగా గ్రిగ్స్ పూనుకొని ఆ నేల నేషనల్ ట్రస్టుకు చేరునట్లు చేశాడు. ఆ కొండపై 17వ శతాబ్దంలో రాబర్ట్ డోవర్ ఆరంభించిన గ్రామీణ క్రీడలు 1852లో ఆగిపోయినవి. 1966 నుండి ఏటేటా జరిపే ఆనవాయితీ తిరిగి ఏర్పడినది. 1940 తరువాతి దశకంలో అంగడి మండపమే అమ్ముడుపోయే స్థితి రాగా, ఊరివారు చందాలు పోగుచేసి దానిని కొని నేషనల్ ట్రస్టుకు అప్పగించారు. వెన్న, కోళ్ళు అమ్మిన మండపాన్ని రాజప్రాసాదంవలె కాపాడుకొన్న ఈ సంగతి మమ్మల్ని అన్నిటికంటె ఎక్కువగా ఆకర్షించినది.

లోపాలు లేవని మేము చెప్పము. అందమైన ఊరికి సంపన్నులు చేరుతారు. ఇండ్ల ధరలు పెరుగుతాయి. అక్కడే పుట్టిన యువకులు అక్కడ ఇల్లు కొనుక్కొనలేరు. గోడలు నిలిచి మనుషులు తరలిపోతే అది సంరక్షణలో సగమే. ఆ మిగిలిన సగాన్ని ఎట్లు సాధించవలెనన్నది కాంప్‌డెన్ ముందున్న ప్రశ్న.

ముగింపు

ప్రశాంతత ఆకాశంనుండి రాలిపడేది కాదు. వర్తకం, లేమి, పరదేశపు రాబడి, చేతిపనివారి ఆశయం, సామాన్యుల చందాలు కలిసి దానిని రూపొందించినవి. ఒక ఊరిని చూడబోయే విద్యార్థి నాలుగు ప్రశ్నలు వెంట తీసుకొనిపోవలెను. ఈ పేరు ఎట్లు వచ్చినది? ఇక్కడి సిరి ఎక్కడిది? అది ఎందుకు పోయినది? మిగిలినదానిని ఎవరు కాపాడుతున్నారు? ఈ ప్రశ్నలు ఇంగ్లాండుకే పరిమితం కావు. మన ఊళ్ళలోని సంత మైదానం, సరాయి, మెట్లబావి, మసీదు ముంగిటి హౌజు, కోవెల కోనేరు కూడ వాటికి జవాబు చెప్పగలవు. వాటి కొలతలు తీసి, పెద్దలు చెప్పిన వివరాలు ఉర్దూ, తెలుగు భాషలలో వ్రాసి భద్రపరచే పనిని మన విద్యార్థులు చేపట్టదగును. అందుకు కళాశాల సంఘంవారు ఒక పుస్తకమూ, గ్రంథాలయంలో ఒక అరయూ కేటాయిస్తే చాలును.